గురవమ్మ పాటలో ఒక అక్షరం

గురవమ్మకు కూర్చుని పాడడం చేతకాదు. పాట రావాలంటే ఆమె కాళ్ళు కదలాలి. ఈ సంగతి నాకు తెలిసిన రోజునే ఆమెకు నా వల్ల అన్యాయం మొదలైంది కాబట్టి కథ అక్కడినుంచే చెప్తాను.

1958 ఎండాకాలం. జువ్వలదిన్నెకు దక్షిణంగా, బకింగ్‌హాం కాలువకూ సముద్రానికీ మధ్య ఇసుక మీద ఉండే చిన్న పల్లెలో నేను మిషను బడి పంతులును. వారానికి ఆరు రోజులు బడిగా ఉండే తాటాకుల పాక ఏడో రోజు మందిరమయ్యేది. ఆ మందిరానికి సెక్రటరీని కూడా నేనే. ఆ ఏడు మిషను జిల్లా కమిటీవారు కొత్త పాటల పుస్తకం వేయాలనుకున్నారు. దొరల పాటలకు మన మాటలు అతికించి ఇన్నాళ్ళు పాడింది చాలు, మన పల్లెల్లో పుట్టిన పాటలు రాసి పంపండి అని ఊరూరికీ కార్డులు వేశారు. నాకు కాగితం మీద కలం పెట్టడమంటే మహా సరదా. నా దస్తూరి ముత్యాలకోవలా ఉందని ఇన్‌స్పెక్టరుగారు ఒకసారి అన్నారు. ఆ ఒక్క మాట మీద నేను పదేళ్ళు బతికాను.

మా పల్లెలో పుట్టిన పాట ఒకటే ఉంది. దాన్ని కట్టినవాడు పోలేరయ్య, గురవమ్మ తండ్రి. బాప్తిస్మం ఇచ్చిన దొరగారు గ్రామదేవత పేరు వదిలించాలని అతనికి పౌలయ్య అని పెట్టారట. పల్లె మాత్రం పోలేరయ్యనే ఉంచుకుంది. గురవమ్మ పేరు కూడా రిజిస్టరులో రూతమ్మ. ఆ పేరుతో పిలిస్తే ఎవరినో పిలుస్తున్నారని ఆమె వెనక్కి తిరిగి చూసేది.

పోలేరయ్య కాలువ మీద పడవ లాగేవాడు. గాలి కలిసొస్తే తెరచాప, లేకపోతే మనిషి. ఉప్పూ కట్టెలూ నింపిన పడవకు తాడు కట్టి, ఆ తాడు భుజాన వేసుకుని గట్టు వెంట మద్రాసు దాకా లాక్కుపోయేవాళ్ళు. అతను పోయేనాటికి కూతురికి ఇల్లూ నేలా ఏమీ మిగల్చలేదు. ఫోటో అయినా లేదు. మిగిలింది ఆ పాట ఒక్కటే. గురవమ్మకు అప్పటికి నలభై అయిదేళ్ళుంటాయి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఉప్పుమళ్ళలో గంపలు మోసి బతికేది. అక్షరం ముక్క రాకపోయినా ఆదివారం పాట ఎత్తుకునేది ఆమే.

బడి వరండాలో ఆ చివరినుంచి ఈ చివరికి నడుస్తూ ఆమె పాడింది. నేను పలక ఒడిలో పెట్టుకుని రాసుకున్నాను.

తాడు లాగి లాగి భుజము కాయ కాచెనయ్యా
ఎదురుగాలి వీచె, కాలు ఇసుక దిగెనయ్యా
రేవు చూపు యేసు దేవా, రేవు చూపు నాకు
నీ రేవు చూచి దించుకొందు నా భుజాన తాడు

"మధ్యలో దించకూడదా?" అని అడిగాను.

గురవమ్మ నావైపు జాలిగా చూసింది. "మధ్యలో దించితే పడవ ఎనక్కి పోదా, అయివారూ? అంతసేపు లాగిందంతా నీళ్ళపాలే గదా. రేవు కనపడినాకనే దించాల."

ఎన్నో పాటల్లో భక్తుడు తన బరువు దించమని దేవుణ్ణి వేడుకుంటాడు. పోలేరయ్య అలా అడగలేదు. రేవు చూపిస్తే చాలన్నాడు, దించుకునే పని తనే చూసుకుంటానన్నాడు. మద్రాసు దాకా లాగినవాడికి తప్ప ఇంకొకడికి ఆ మాట తట్టదు.

మర్నాడు దాన్ని మంచి కాగితం మీద సాపు రాశాను. కమిటీవారు చూస్తారు కదా అని కొమ్ములకూ దీర్ఘాలకూ కాస్త వయ్యారం జోడించాను. మన లిపిలో వు, పు కవలపిల్లల్లాంటివి. రాసేవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకోకపోతే చదివేవాడికి ఏది ఏదో తెలియదు.

మరుసటి ఏడు పుస్తకాలు వచ్చాయి. పాట పైన 'మధ్యమావతి, ఆది తాళం' అని వేశారు. గట్టు మీద అడుగుల లెక్కకు పుట్టిన పాటకు రాగం లేకపోతే బాగుండదనుకున్నారేమో. "ఆ మజ్జిమావతి ఎవురు?" అని గురవమ్మ అడిగితే అందరం నవ్వాం. నేను పేజీ తిప్పి పాట చదివాను. మూడుచోట్లా 'రేపు' అని పడింది. రేపు చూపు యేసు దేవా, రేపు చూపు నాకు. నా కొమ్ము వయ్యారమే కొంప ముంచిందని ఆ క్షణమే అర్థమైంది. ఆమె చదవలేదు, మిగతావాళ్ళు నోటికి వచ్చిందే పాడతారు, ఇది బయటపడేది లేదులే అనుకుని పుస్తకం మూసేశాను.

1960లో కొత్త పాస్టరుగారు వచ్చారు. చిన్నవయసు, మంచి మనిషి, ప్రతిదీ పద్ధతిగా ఉండాలనేవారు. రెండో ఆదివారమే గురవమ్మ పాట ఎత్తుకుంటే చెయ్యి ఎత్తి ఆపారు.

"ఒక్క నిమిషం, గురవమ్మగారూ. పుస్తకంలో 'రేపు' అని ఉందమ్మా. దేవుని సన్నిధిలో పాడే మాట సరిగా ఉండాలి."

"రేవేనయ్యా. అది మా నాయన పాట," అంది ఆమె. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె నావైపు తిరిగింది. "రాసుకున్నది మీరే గదా అయివారూ. చెప్పండి."

అందరూ నన్నే చూస్తున్నారు. నేను పుస్తకం తెరిచాను. "పుస్తకంలో రేపు అనే ఉంది," అన్నాను.

అందులో అబద్ధం లేదు. పుస్తకంలో అలాగే ఉంది. అచ్చమైన నిజం చెప్పి కూడా మనిషిని నిలువునా ముంచవచ్చని నాకు ఆ రోజే తెలిసింది. పాస్టరుగారు ఆ 'రేపు' మీదనే ముప్పావుగంట ప్రసంగం చేశారు. చెప్పొద్దూ, బాగా చేశారు. మరణం అనే చీకటి తర్వాత దేవుడు చూపే రేపు అని ఆయన అంటుంటే జనం కళ్ళు తుడుచుకున్నారు. నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు సాయంత్రం గురవమ్మ మా ఇంటికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

"నాయన పోయి ఇరవై ఏండ్లాయె. నేనే మరిచిపోయినట్టుండాను, అయివారూ. పుస్తకం అబద్ధం చెప్పదు గదా?"

మజ్జిగ తాగి పొమ్మన్నాను. ఆమె తాగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆదివారంనుంచి వెనక వరసలో, గోడవారగా కూర్చునేది. పాట ఎత్తుకోమని అడిగితే గొంతు బాగాలేదనేది.

ఎన్నోసార్లు చెప్దామనుకున్నాను. హెడ్‌మాస్టరు పని ఖాళీ అయినప్పుడు, ఇది తేలాక చెప్దామనుకున్నాను. అది నాకే వచ్చాక, ఇప్పుడు చెప్తే ఏం బాగుంటుందనుకున్నాను. ఈలోగా 'రేపు' పల్లెలో వేళ్ళూనుకుంది. 1962లో గురవమ్మ పక్కింటి కామాక్షమ్మకు ఉన్న ఒక్క కూతురూ విషజ్వరంతో చనిపోయింది. ఏడేళ్ళ పిల్ల. ఇసుకలో చిన్న గొయ్యి తీసి, చుట్టూ నిలబడి 'రేపు చూపు నాకు' అనే పాడాం. నేనూ పాడాను.

1965 వేసవిలో ఒకరోజు పనుండి ఉప్పుమళ్ళ మీదుగా నడిచి వెళ్తున్నాను. పొద్దు నడినెత్తిన ఉంది. నా ముందు గట్టు మీద గురవమ్మ ఉప్పుగంప నెత్తిన పెట్టుకుని, వెనక ఎవరూ లేరనుకుని, తండ్రి పాట పాడుకుంటూ వెళ్తోంది. నేను ఆగిపోయాను. ఐదేళ్ళ తర్వాత ఆమె గొంతు వినడం. మొదటి రెండు పాదాలూ నిండుగా వచ్చాయి. మూడోదాని దగ్గర నోరు మూసుకుంది. "ఊఁ... చూపు యేసు దేవా, ఊఁ... చూపు నాకు."

ఆ మాట వచ్చే ప్రతిచోటా అంతే. రేవు అనడానికి ధైర్యం లేదు. రేపు అనడానికి మనసు రాదు. తండ్రి వదిలిపోయిన ఒక్క పాటలో నేను చేసిన బొక్క చుట్టూ ఆమె జాగ్రత్తగా నడుస్తోంది.

"గురవమ్మా, మీ నాయన రేవు అన్నాడు," అన్నాను.

ఆమె ఆగి వెనక్కి తిరిగి గంప దించింది. "మళ్ళీ చెప్పండి."

"నువ్వు రేవు అనే పాడినావు. నేను రేవు అనే రాసినాను. నా రాత చూసి అచ్చువాళ్ళు రేపు అనుకున్నారు. పుస్తకం వచ్చినరోజే నాకు తెలుసు."

"వచ్చినరోజే తెలుసా?"

"తెలుసు."

ఆమె ముఖంలో సంతోషం వస్తుందనుకున్నాను, పిచ్చివాణ్ణి.

"అయిదేండ్లు, అయివారూ! అయిదేండ్లు మా నాయన మొగం మరిచిపోయినదాని మాదిర తిరిగినా. నా నోటిమింద నాకే నమ్మకం లేకపాయె. ఎవురన్నా నా పేరు అడిగినా ఒకటికి రెండుసార్లు తలుచుకుని చెప్తావుండా. ఆ పొద్దు ఒక్క మాట చెప్పుంటే మీకేం పొయ్యేది?"

"నా దస్తూరికి చెడ్డపేరు వస్తుందని..." అన్నాను. ఆ మాట నా నోటినుంచి నా చెవికే వినపడేసరికి సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె తిట్టలేదు. గంప మళ్ళీ ఎత్తుకుంది. "ఆదివారం అందరి ముందరా చెప్పండి," అని వెళ్ళిపోయింది.

నాలుగో రోజే ఆదివారం. పాట మొదలుపెట్టేముందు లేచి నిలబడి ఉన్నదంతా చెప్పాను. పాస్టరుగారి ముఖం ఎర్రబడింది. అన్నేళ్ళు ఆయన ఆ మాట మీద ఎన్ని ప్రసంగాలు చేశారో నాకు తెలుసు. కానీ ఆయన పెద్దమనసు ఆయనది. "తప్పు నాది కూడా. పాడే మనిషి ఎదురుగా ఉంటే పుస్తకాన్ని నమ్మాను. గురవమ్మగారూ, క్షమించండమ్మా," అని జేబులోంచి కలం తీశారు. పుస్తకాలన్నీ ఇటు ఇవ్వండి, ఇప్పుడే దిద్దేద్దాం అన్నారు. పదకొండు పుస్తకాలు బల్ల మీదికి చేరాయి.

అప్పుడు ఆడవాళ్ళ వైపునుంచి కామాక్షమ్మ లేచింది. అంతకుముందు ఆమె మందిరంలో నోరు విప్పగా ఎవరూ వినలేదు.

"అయ్యా, దాన్ని కొట్టేయబాకండి," అంది. "మా పాపను పూడ్చిన పొద్దు రేపు చూపు అని పాడినారు. ఆ రేపు పట్టుకోనే నేను పొద్దున్నే లేస్తావుండా. రేవంటే నాకేం తెలుసు? మేం పడవోళ్ళం కాదు."

పాస్టరుగారి కలం ఆగిపోయింది. అందరం గురవమ్మ వైపు తిరిగాం. దిద్దమనే హక్కు ఆమెది. ఐదేళ్ళ ఉసురు ఆమెది. దిద్దమంటే కాదనే మొనగాడు ఆ పాకలో లేడు.

గురవమ్మ కామాక్షమ్మను చూసింది. తర్వాత లేచి ముందుకు వచ్చింది.

"కలం జోబీలో పెట్టుకోండి, పాస్టరయ్యా," అంది. "మా నాయన పుస్తకం కోసం పాడలా. ఆయన మాట నా దగ్గిర ఉండాది. పుస్తకంలో ఉండేది కామాక్షమ్మది. దాన్ని అట్టనే ఉండనీండి."

పాట ఎత్తుకుంది. మొదటిసారి 'రేవు చూపు' అని ఐదేళ్ళ ఆకలి తీరేలా పాడింది. కొందరు ఆమెతో రేవు అన్నారు, కొందరు అలవాటుకొద్దీ రేపు అన్నారు, అంతా కలగాపులగమైంది. రెండో తడవ ఆ పాదం వచ్చేసరికి ఆమె కామాక్షమ్మ పక్కకు వెళ్ళి నిలబడింది. ఇక జన్మలో ఆ నోట రాదనుకున్న మాటను, 'రేపు చూపు నాకు' అని, ఆమె చెయ్యి పట్టుకుని పాడింది. కామాక్షమ్మ ఏడుస్తూ గొంతు కలిపింది.

నేను ఐదేళ్ళు తొక్కిపట్టిన మాట తిరిగి ఆమె చేతికొచ్చి నాలుగు రోజులు కాలేదు. ఇంకొకరి కోసం అప్పుడే పక్కకు జరిగి చోటిచ్చింది ఆ మనిషి. పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.