సున్నం పెట్టె పట్టిన గాలి

మీటర్‌లో అంకె తగ్గుతోంది. పందొమ్మిది వందల దగ్గర మొదలై గంట తిరిగేసరికి వెయ్యికి దిగింది. గదిలో ముప్పై మంది గ్రూప్స్ అభ్యర్థులు పుస్తకాలు మూసి చూస్తున్నారు. మనసులో నేను శీర్షిక కూడా పెట్టేశాను.

మూడేళ్ల కిందటి ఎండాకాలం అది. చిక్కడపల్లి, అశోక్‌నగర్ వార్తలు రాసే విలేకరిని. అశోక్‌నగర్‌లో యాదగిరి నడిపే రీడింగ్ హాల్‌కు కిటికీలు బిగించి ఏసీ పెట్టారు. మధ్యాహ్నమయ్యేసరికి అందరికీ నిద్ర ముంచుకొచ్చేది. "రెండు చాయ్‌లు తాగినా తలకాయ లేస్తలేదన్న" అనేవాడు యాదగిరి. కారణం, అంతమంది వదిలిన కార్బన్ డయాక్సైడ్. దాన్ని పీపీఎంలో కొలుస్తారు, అంటే పది లక్షల పాళ్ల గాలిలో ఎన్ని పాళ్లని. బయట అది నాలుగు వందల పైచిలుకే.

నారాయణగూడలో కెమిస్ట్రీ చెప్పే లెక్చరర్ సుదర్శనం గారు ఫ్యాన్ బిగించిన పెట్టె ఒకటి చేసి, ఆ రోజు ఈ హాల్లో పెట్టి చూపించారు. లోపల తట్టల్లో తడి సున్నం. అది ఆ వాయువును పట్టుకుని సుద్దగా మారుతుంది. ఇలాంటివి నగరమంతా పెడితే ఆకాశాన్నే కడగొచ్చని ఆయన నమ్మకం. రాజీనామా లేఖ జేబులో ఉంది. నా వార్త రాగానే ఇచ్చేసి పూర్తిగా ఈ పనిలోకే దిగుతానన్నారు.

వెనక వరుసలోంచి అనిత అనే అమ్మాయి లేచింది. వాళ్లది మహబూబ్‌నగర్ వైపు.

"సార్, మా నాయన సున్నం బట్టీల పనిచేసిండు. రాయిని కాలిస్తేనే సున్నమైతది గదా. గప్పుడు ఇదే గ్యాస్ రాదా?"

సుదర్శనం గారు మీటర్ వైపు చూడటం మానేశారు. "వస్తుందమ్మా. ఈ పెట్టె పట్టేదంతా ఆ బట్టీ ముందే వదిలేసింది. పైగా బొగ్గు పొగ."

"కిటికీ తీస్తే అయిపాయె గదా సార్," అన్నాడు పక్కనున్న కుర్రాడు. అందరూ నవ్వారు.

యాదగిరి నవ్వలేదు. "తీస్తే బస్సుల హారన్లకు సగం మంది ఖాళీ చేస్తరు తమ్మీ."

రాయి సున్నం కావడం, సున్నం సుద్ద కావడం, రెండూ ఆయన ఏళ్లుగా బోర్డు మీద రాసినవే. పెట్టె చేసేటప్పుడు మాత్రం రెండోదే గుర్తుంది. నేనైతే మీటర్ తప్ప ఏమీ చూడలేదు.

మెట్లు దిగుతూ, "వార్త ఆపండి," అన్నారు సుదర్శనం గారు.

"మరి రాజీనామా?"

"అదీ ఆగుతుంది."

సుద్దను మూసిన కొలిమిలో కాలిస్తే సున్నం మళ్లీ వస్తుందని, వెలువడే వాయువును పట్టి భూమిలో దాచొచ్చని తర్వాత చెప్పారు. కానీ దానికి తొమ్మిది వందల డిగ్రీల వేడి కావాలి. ఖర్చంతా అక్కడే. అప్పటినుంచి ఏ యంత్రం గురించి రాసినా, లోపలికి వెళ్లే సరుకు ఎక్కడ తయారైందని ముందు అడుగుతున్నాను.

సుదర్శనం గారింట్లో ఇప్పుడు నాలుగు బస్తాల సుద్ద ఉంది. బొగ్గుతో పనిలేని అంత వేడి ఆయనకింకా దొరకలేదు.