గీత దాకా నొక్కండి

ఆమధ్య ఒక నెలపాటు మా బావ చేతికి ఎవరు చిక్కినా ముందు ఒక సిరంజి నొక్కాల్సిందే. అది ఆయన జబ్బు. మనిషి ఆపరేషన్లకు మత్తిచ్చే డాక్టరు కాబట్టి, జేబులోంచి సిరంజి తీయగానే వచ్చినవాళ్ళకి సగం ప్రాణం పోయేది. సూది లేదని, లోపల వట్టి గాలేనని, ఎర్ర గీత దాకా నొక్కి పట్టుకుంటే చాలని బతిమాలేవాడు.

అది మూతి బిగించేసిన పెద్ద సిరంజి. పిడి నొక్కితే లోపలి గాలి ఎదురు తిరుగుతుంది. గీత దాకా నొక్కితే మూడు కిలోల బరువు పెట్టినట్టు లెక్క. కడుపునిండా తిన్నవాడికి అర్జెంటుగా మత్తివ్వాల్సొస్తే, తిన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోకుండా, ఊపిరి గొట్టం వేసేదాకా పక్కనున్నవాళ్ళు గొంతు మీది ఉంగరంలాంటి మెత్తటి ఎముకను అంత బరువుతోనే వేళ్ళతో అదిమి పట్టాలి. తక్కువైతే దండగ, ఎక్కువైతే గొట్టమే దిగదు.

ఇంత విద్య గ్యాస్ బండ తెచ్చినవాడికెందుకు? అతను ఒక్క తోపు తోసేసరికి మూత ఎగిరొచ్చి మా అక్క కాఫీలో పడింది. బ్యాంకు మేనేజరు ఎవరూ చూడకుండా తన గది తలుపేసుకుని మరీ నొక్కాడు. పక్కింటి పిన్నిగారు సిరంజి మీద జాలిపడి సగంలోనే వదిలేసింది.

దీని మీద బావకో సిద్ధాంతం ఉండేది. "మగవాళ్ళు నన్ను ఓడించాలని నొక్కుతారు. ఆడవాళ్ళు దానికి నొప్పెడుతుందేమోనని నొక్కుతారు. గీత దగ్గర ఆగినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు."

అదే రోజుల్లో నా ఉద్యోగానికి ఎసరొచ్చింది. నేను ఆయన ఆసుపత్రిలోనే ఆపరేషన్ థియేటర్ నర్సుని. ఒక అర్జెంటు కేసులో గొంతు పట్టింది నేనే. ఎంత నొక్కినా రోగి కడుపులోది కాస్త పైకొచ్చింది. బావ చటుక్కున రోగి తల పక్కకి తిప్పి, గొంతులోది లాగేసి, గండం గట్టెక్కించాడు. కానీ పెద్ద సర్జను గారు ఊరుకోలేదు. ఈ పనికి ఆడచెయ్యి చాలదని, ఇకమీదట థియేటర్లో మగ నర్సులే ఉండాలని, నన్ను వార్డుకు వేస్తున్నానని అందరి ముందూ అనేశారు. బావే అడ్డుపడి, వచ్చే నెల అందరికీ పరీక్ష పెట్టమన్నాడు. ఎవరి చెయ్యి తప్పితే వాళ్ళు వార్డుకు. సర్జను గారు సరేనన్నారు.

నాకు థియేటరంటే ప్రాణం. వార్డుకు పంపితే ఎలా బతకాలా అని నేను కుమిలిపోతుంటే, ఈయన సాయంత్రమయ్యేసరికి ఇరుగుపొరుగును వరండాలో పోగేసి సిరంజి పందేలు పెట్టేవాడు. ఒళ్ళు మండిపోయేది. నా వంతు రాగానే విసుక్కుంటూ, గీత వైపైనా చూడకుండా నొక్కేదాన్ని. "తక్కువ," అనేవాడు. మా అక్క నొక్కినా తక్కువే అనేవాడు కాబట్టి, నేను పెద్దగా పట్టించుకోలేదు. పోయేకొద్దీ నన్ను ఏమీ అనడం మానేశాడు. నేనది కూడా పట్టించుకోలేదు.

పరీక్ష రోజు తూకం యంత్రం మీద ఒక బొమ్మ మెడ పెట్టారు. అంకెలు నొక్కేవాళ్ళకి కనిపించవు. మగ నర్సులు ఒకరిని మించి ఒకరు నొక్కారు. బొమ్మ కాబట్టి సరిపోయింది, మనిషైతే లేచి కొట్టేవాడు. సర్జను గారు ఎలా నొక్కాలో చూపిస్తానంటూ ముందుకొచ్చి ఏకంగా ఆరు కిలోలు నొక్కారు. మిగతా సిస్టర్లు రెండు కూడా దాటలేదు.

నేను భయంతో కళ్ళు మూసుకున్నాను. వేళ్ళు వాటంతటవే ఒకచోట ఆగాయి. మూడు. మళ్ళీ నొక్కమన్నారు. మళ్ళీ మూడు. తప్పినవాళ్ళనందరినీ వార్డుకు పంపితే థియేటర్లో నేనొక్కదాన్నే మిగులుతాను గనక ఆ ఆర్డరు అక్కడికక్కడే ఆగిపోయింది.

ఆ సాయంత్రం గంతులేస్తూ వెళ్ళి, ఇక ఆ సిరంజి పారేయండి బావా అన్నాను.

బావ గొంతు తగ్గించాడు. "ఇప్పుడెలా? సర్జను గారొస్తున్నారు. ఆయన చేతి బరువు చూశావుగా. ఒక్కణ్ణే కూర్చోబెట్టి నేర్పితే చిన్నబోతాడు. నువ్వూ పక్కన కూర్చుని నొక్కు. కాస్త తప్పుగా నొక్కు."

"తప్పుగానా?"

"మరి ఇన్నాళ్ళూ మీ అక్క నీ పక్కన ఎలా నొక్కిందనుకున్నావు?"

అక్క నా వైపు చూడకుండా సిరంజి అందుకుంది. ఒంటిచేత్తో పిడిని సరిగ్గా గీత మీద ఆపి, నా చేతికిచ్చేసి లోపలికి వెళ్ళిపోయింది.

నాకప్పుడు బుర్ర వెలిగింది. నీకు చేతకాదని నాతో అనలేక, ఈయన వీధి వీధంతటికీ చేతకాదని తేల్చి, అందరిచేతా పిచ్చివాడనిపించుకున్నాడు. ఆ క్షణాన బావ మీద పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు. ఆ మాట పైకి అనేలోపే గేటు చప్పుడైంది.

సర్జను గారు నన్ను చూసి మెట్టు దగ్గరే ఆగిపోయారు. వెనక్కి తిరగాలా వద్దా అన్నట్టు నిలబడ్డారు. నేను పిడిని గీత దాటించి గట్టిగా తోశాను.

"చూడండి సార్, ఇవాళ నాకూ కుదరడం లేదు," అన్నాను.

ఆయన మొహం విప్పారింది. చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నారు.