నేను పెట్టించిన నాలుగో రూలు

తొంభైలలో ఆర్మూర్‌లో ఎరువుల దుకాణం పైన, మేడ మీద ఉండేది మా కంప్యూటర్ సెంటర్. నాలుగు కంప్యూటర్లు. అందులో ఒకటి ఎప్పుడూ రిపేరే. తలా ఒక గంట టైం ఇచ్చినా, మిగిలిన మూడింటి కోసం ముప్ఫై మందిమి కొట్టుకునేవాళ్లం. నందిపేట్ బస్సులో సీటు పట్టడానికి కిటికీలోంచి దస్తీ వేయడం నాకు అలవాటు. ఇక్కడా అదే పని చేశాను. పొద్దున్నే కుర్చీ మీద దస్తీ వేసి, కిందికి పోయి మిర్చి బజ్జీ తిని తీరిగ్గా వచ్చేదాన్ని. వారం తిరక్కుండా అన్ని కుర్చీల మీదా దస్తీలే. ఎవరి దస్తీ ఎవరు తీసేశారని రోజూ పంచాయితీ. నోరున్నదాన్ని కాబట్టి ఎక్కువసార్లు నేనే గెలిచేదాన్ని.

చివరికి సార్ విసిగిపోయాడు. ఇది బస్సు కాదని అందరినీ కలిపి తిట్టి, గోడకు ఒక అట్ట తగిలించి, రూల్స్ మీరే చెప్పండి, రాస్తానన్నాడు. చెప్పులు బయట విడవాలి. ఒకరి ఫ్లాపీ ఇంకొకరు ముట్టుకోవద్దు. పావుగంట ఆలస్యమైతే టైం పోయినట్టే, కాచుకున్నవాళ్లు కూర్చుంటారు. నాలుగోది నేను చెప్పాను: కూర్చున్నవాళ్ల వెనక ఎవరూ నిలబడొద్దు.

ఆ రూలు పెట్టించింది ఒక్క మనిషి కోసం. జక్రాన్‌పల్లి నుంచి ఒక రైతు వచ్చేవాడు, నలభై దాటినవాడు. అందరం కాకా అని పిలిచేవాళ్లం. మక్కలు, పసుపు పండించుకునే మనిషికి ఈ వయసులో కంప్యూటర్ ఏమిటని మాలో మేము నవ్వుకునేవాళ్లం. ఆయన గంట అయ్యాక నా గంట. టైం కాగానే, కొడుతున్న మాట సగంలో ఉన్నా సరే, లేచి కుర్చీ ఇచ్చేసేవాడు. ఇచ్చి వెళ్లేవాడా అంటే వెళ్లడు. నా వెనక చేతులు కట్టుకుని గంటసేపూ నిలబడేవాడు. నాకు ఒళ్లు మండేది, తప్పులు కొట్టేదాన్ని. రూలు రాసిన రోజున ఆయన పోయి గోడ పక్క బల్ల మీద కూర్చున్నాడు. కొన్నాళ్లకు తన గంట కాగానే వెళ్లిపోవడం మొదలుపెట్టాడు. పీడ విరగడైంది అనుకున్నాను.

పరీక్ష శనివారం పడింది, నా టైం పదింటికి. నిజామాబాద్‌లో ఒక ఆఫీసులో ఆపరేటర్ ఉద్యోగం ఇస్తామన్నారు, సోమవారానికి సర్టిఫికెట్ చూపిస్తేనే. ఇది తప్పితే మళ్లీ పరీక్ష ఆరు నెలలకు. సరిగ్గా ఆ రోజే పసుపు బండ్లు మార్కెట్ యార్డు ముందు రోడ్డంతా నిండిపోయి మా బస్సు కదల్లేదు. దిగి, బస్తాల మధ్య నుంచి పరుగెత్తాను. మెట్లెక్కేసరికి పదకొండుకు ఐదు నిమిషాలు. నా కుర్చీలో, టైం దొరక్క పొద్దుటి నుంచి కాచుకున్నవాడెవడో కూర్చుని ఉన్నాడు. సార్ గోడ మీది అట్ట చూపించాడు. సాయంత్రం పరీక్ష ముగిసేదాకా ఒక్క గంటా ఖాళీ లేదన్నాడు.

పదకొండు గంటల టైం కాకాది. బల్ల మీంచి లేచి వచ్చాడు.

"సార్, నా టైం గీ పిల్లకియ్యుండ్రి. నేను మల్లొచ్చే పరీక్ష రాస్త."

ఆరు నెలలు ఆగాలి, ఆలోచించుకో అన్నాడు సార్. ఆగుతానన్నాడాయన. నేను ఆయన ముఖం వైపైనా చూడకుండా పోయి కూర్చున్నాను. బాగా రాశాను.

బయటికొస్తే కాకా ఇంకా వరండాలోనే ఉన్నాడు. ఎట్ల రాసినవని అడగడానికే గంటసేపు కూర్చున్నాడట. ఇక నావల్ల కాలేదు. వెనక నిలబడొద్దని రూలు పెట్టించింది నేనే, ఆ సంగతి తెలుసా అని అడిగేశాను. తెలుసన్నాడు.

"సారు జెప్పేది నాకు సమజ్ గాకపోతుండె బిడ్డా. నీ ఎనక నిలబడి, నీ ఏళ్లు ఎటు వోతున్నయో సూస్తుంటి. ఇంటికి వోయి తలుపు మీద గట్లనే కొట్టుకుంటుంటి. నాకు అచ్చిందంతా నీ కాడ నేర్సుకున్నదే."

"మరి ఇయ్యాల రాస్తే పాసయ్యెటోనివి గద కాకా?"

"యాడ పాసైత?" అని నవ్వాడు. "సూసుడు బందైనంక ఇంకేం రాలే. సగంలనే ఆగిన."

ఆ మాటలో రవ్వంత దెప్పు కూడా లేదు, అందుకే మరీ గుచ్చుకుంది. ఆ మనిషి చదువును ఒక్క రూలుతో ఆపేసింది నేను. ఆ మనిషే తన గంట తీసి నా చేతిలో పెట్టాడు. అక్కడే మెట్ల మీద కూలబడి ఏడ్చాను. తప్పైంది కాకా అన్నాను. అంతకు ముందు ఆ మాట ఎవరికైనా చెప్పినట్టు నాకు గుర్తులేదు. ఆయనే కంగారుపడి, బస్సు పోతుంది లెమ్మని తొందరపెట్టాడు.

ఉద్యోగం వచ్చింది. ఇన్నేళ్లు నేను తిన్న అన్నంలో ఆ గంట ఉంది. ప్రతి ఆదివారం ఆర్మూర్ వచ్చి, కాకా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేదాన్ని. తప్పు కొడితే కసిరేదాన్ని కూడా, గుణం ఎక్కడికి పోతుంది? ఆరు నెలలకు ఆయన పాసయ్యాడు. నాకన్నా రెండు మార్కులు ఎక్కువ. కొంచెం కుళ్లు పుట్టిన మాట నిజమే, అబద్ధమెందుకు. కానీ నా ఉద్యోగానికి ఎవరికీ నోరు తీపి చేయనిదాన్ని, ఆ రోజు జిలేబీ పొట్లాలు కట్టించుకుని మెట్లెక్కి, సెంటర్‌లో అందరికీ నా చేత్తో పెట్టాను, మొదట కాకా నోట్లోనే.