మగ్గం అనే రాయమన్నాను

ఆరేళ్ళుగా మోస్తున్నాను. ఇదేం పెద్ద నేరం కాదని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. దొంగతనం చెయ్యలేదు. ఎవరి కొంపా కూల్చలేదు. ఒకావిడ ఒక ప్రశ్న అడిగింది, నేను జవాబు చెప్పాను. అంతే. కానీ ఆ జవాబు తప్పని తెలిసే చెప్పాను. నేనెవరో మీకు తెలియదు, అందుకే మీ ముందు నోరు విప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పాలంటే వాళ్ళ మొహాలు చూడాలి కదా.

మాది భిలాయి, సెక్టర్ 6. నేను ఒక బడిలో కంప్యూటర్ చెప్తాను. ఆ ఏడు తెలుగువాళ్ళ సంఘం హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు ఒక క్లాసు మొదలుపెట్టాను. బ్లాగు పెట్టుకున్నవాళ్ళు, చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళు సెర్చ్‌లో ఎలా కనబడాలో నేర్పే క్లాసు. ఇడ్లీలమ్మే ఆయన, ట్యూషన్లు చెప్పే మేడమ్, ఫోటో స్టూడియో వాళ్ళు, ఓ డజను మంది వచ్చేవారు. నేను చెప్పిందేమీ బ్రహ్మవిద్య కాదు. ఒక పేజీలో ఒక విషయమే పెట్టండి. హెడ్డింగులో ఊరి పేరు ఉండాలి. ఫోటోకి ఫోనిచ్చిన నంబరు తీసేసి, అందులో ఏముందో ఆ పేరు పెట్టండి. అడ్రసు ఎక్కడ రాసినా ఒకేలా రాయండి. పక్కవాళ్ళ పేజీ కాపీ కొట్టకండి. నెలలు పడుతుంది, ఓపిక పట్టండి. వీటన్నిటికన్నా గట్టిగా ఒకటి చెప్పేదాన్ని. మీరు అనే మాట కాదు, వెతికేవాళ్ళు కొట్టే మాట రాయండి. మనకి పులిహోర, ఇక్కడి హిందీవాళ్ళకి ఇమ్లీ రైస్. పులిహోర అని రాసుకుని కూర్చుంటే ఎవరొస్తారు?

ఆ క్లాసుకి పద్మక్క వచ్చేది. సెక్టర్ 2లో ఉంటుంది, పెళ్ళై శ్రీకాకుళం వైపు నుంచి వచ్చింది. చెక్క ఫ్రేముకి గుడ్డ బిగించి, కొక్కెం సూదితో పూసలూ జరీ కుట్టి పెళ్ళి జాకెట్లు తయారు చేసేది. మన వైపు దీన్ని మగ్గం వర్క్ అంటారు. ఇక్కడ అలా అనరు, ఆరీ వర్క్ అంటారు. ఇక్కడే పుట్టిన మన తెలుగు పిల్లలకి కూడా మగ్గమంటే ఏమిటో తెలియదు.

మా చెల్లెలిదీ అదే పని. మార్కెట్లో దానికి చిన్న షాపుంది. దాని పేజీ నేనే తయారు చేశాను, ఆరీ వర్క్ అనే పెట్టాను. ఏ మాటని ఎంతమంది వెతుకుతున్నారో చూపించే చోట భిలాయి అని పెట్టి రెండూ కొట్టి చూశాను కూడా. ఆరీకి బోలెడుమంది. మగ్గానికి ఒక్కరూ లేరు. అంటే తెలియక చెప్పానని అనడానికి కూడా నాకు దారి లేదు.

మరెందుకు చెప్పాను? అనుమానం. ఒకరోజు మార్కెట్లో పద్మక్క మా చెల్లి షాపుకి ఎదురుగా నిలబడి ఫోను పైకెత్తి ఫోటో తీస్తోంది. గుమ్మం దగ్గర ఆ వారం కుట్టిన నెమలి జాకెట్టు వేలాడుతోంది. నన్ను చూడలేదు. పిలిచి అడగొచ్చు, అడగలేదు. అనుమానించేవాళ్ళకి అడగడం ఇష్టం ఉండదు, జవాబొస్తే అనుమానం పోతుందని. ఇంటికెళ్ళి చెల్లి దగ్గర కూపీ లాగాను. జరీ దారం ఎక్కడ కొంటావని ఒకావిడ అడిగిందని చెప్పింది. ఇంకేం, నా కేసు పూర్తయిపోయింది. డిజైను ఎత్తుకుపోతోంది, దారం కూపీ లాగుతోంది, సెర్చ్‌లో ఎలా కనబడాలో నా దగ్గరే నేర్చుకుని మా చెల్లి కొంపకే ఎసరు పెడుతుంది అనుకున్నాను. ఆ తరవాత ఆవిడ నవ్వితే నవ్వు మీద అనుమానం, నోట్సు రాసుకుంటే నోట్సు మీద అనుమానం.

వెతికేవాళ్ళ మాట గురించి చెప్పిన రోజు, అందరూ వెళ్ళాక ఆవిడ ఆగింది.

"చెల్లీ, మనం మగ్గమంటాం, ఈ హిందీవోళ్ళు ఆరీ అంటారు. మరి నాను ఏటి రాయాల?"

చూశారా, సరైన మాట ఆవిడే తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను ఔనంటే చాలు.

"మగ్గమనే రాయక్కా. ఆరీ అని రాస్తే ఊళ్ళో షాపులన్నీ వస్తాయి, అందులో నువ్వెక్కడ కనబడతావు?"

"అయితే ఆ మాట ఎక్కడా ఒద్దంటావా?"

"ఎక్కడా వద్దు. రెండూ కలిపితే పేజీ పాడైపోతుంది."

"సరేలే. సదువుకున్నదానివి, నీకు తెల్దేటి."

ఇందులో మొదటి సగం నిజంలాంటిదే. పోటీ తక్కువున్న మాట పట్టుకోమని ఎవరైనా చెప్తారు. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకునే ఇన్నాళ్ళూ నిద్రపోయాను. కానీ రెండూ కలిపితే పాడైపోతుందన్నది పచ్చి అబద్ధం. అది అక్కడికక్కడే పుట్టింది, తడుముకోకుండా. నాలో అంత నేర్పు ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

నేను చెప్పింది చెప్పినట్టు చేసింది ఆవిడ. వారానికొక జాకెట్టు గురించి రాసేది, ఫోటోలకి పేర్లు పెట్టేది. మూడు నెలలకి ఫోను పట్టుకుని పరుగున వచ్చింది. మగ్గం వర్క్ భిలాయి అని కొడితే మొదట ఆవిడ పేజీయే. నిజమే, ఎవరూ నడవని దారిలో ఎవరు నిలబడినా ముందే ఉంటారు. నాకు మిఠాయి పెట్టింది. తిన్నాను.

ఇక్కడే నేను ఊహించనిది జరిగింది. పేజీ వెనకెక్కడో ఉండి ఉంటే ఆవిడ పేజీని తిట్టుకునేది, లేదా నన్ను తిట్టేది. అది అన్నిటికన్నా ముందుంది. అయినా ఫోను మోగలేదు. మరి తప్పెక్కడుంది? అందరూ తన పనిని చూస్తున్నారని, చూసి వద్దనుకుంటున్నారని అనుకుంది. నెలల తరబడి అదే అనుకుంది. చివరికోసారి బస్టాపులో కలిసి, పేజీ నువ్వు బానే పెట్టించావు చెల్లీ, నా చెయ్యే బాగోలేదేమో అంది. ఆ మాట మామూలుగా, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు అంది. అప్పుడు చెప్పొచ్చు కదా? ఒక్క మాట మారిస్తే చాలు కదా? బస్సొచ్చింది, ఎక్కేశాను. అది నేనెక్కాల్సిన బస్సు కూడా కాదు.

తరవాత ఆవిడ ఫ్రేము విప్పేసి, ఊరి చివర జాముల్ వైపు యూనిఫారాలు కుట్టే చోట పనికి చేరింది. రోజంతా జేబులు కుడుతుంది.

ఫోటో సంగతి చాన్నాళ్ళకి మా చెల్లే యథాలాపంగా చెప్పింది. పద్మ అని ఒకావిడ ఉండేది, చీరలకి ఫాల్ కుట్టే మిషను తన దగ్గర లేదని తన దగ్గరికొచ్చినవాళ్ళని నా దగ్గరికి పంపేది, మన బోర్డు ఫోటో ఫోనులో పెట్టుకుని అందరికీ చూపించేది, ఈమధ్య ఎవర్నీ పంపడం లేదెందుకో అంది. నేను పొయ్యి ఆపే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా, ఇలా రాస్తున్నప్పుడు కూడా నాలో ఒక మూల అడుగుతూనే ఉంది, బోర్డుతో పాటు ఆ నెమలి జాకెట్టు కూడా ఫోటోలో పడి ఉండదా అని. నా బుద్ధి అలాంటిది.

నేను పెట్టించిన ఆవిడ పేజీ పాస్‌వర్డు ఇప్పటికీ నా దగ్గరుంది. ఒకసారి తెరిచాను. ఆరీ వర్క్ అని టైపు చేశాను. ఉన్నట్టుండి ఫోన్లు మొదలైతే ఏం మారిందని చూస్తుందేమో, దొరికిపోతానేమో అనిపించింది. చెరిపేసి మూసేశాను.

ఈ ఏడు ఆవిడ కూతురు నా క్లాసులో చేరింది. కాలేజీ పిల్ల, తెలుగు కన్నా హిందీ బాగా వచ్చు. రెండో వరసలో కూర్చుని ప్రతి ముక్కా రాసుకుంటుంది. తెలిసే వచ్చిందా? తల్లి పంపిందా? ఒట్టినే నేర్చుకోడానికి వచ్చిందా? ఆ పిల్ల పెన్ను ఆగితే నా మాట తడబడుతోంది. పోయిన ఆదివారం వెతికేవాళ్ళ మాట గురించి చెప్పాల్సిన పాఠం. చెప్పలేదు. ఫోటోల పేర్లతో గంట నడిపించేశాను. ఆవిడ ఒక్కదాన్నే మోసం చేశాననుకున్నాను ఇన్నాళ్ళూ, ఇప్పుడు ఆ హాల్లో ఉన్న అందరినీ చేశాను.

అనుమానం వల్ల చేశానని పైన రాశాను. అది కూడా పూర్తి నిజం కాదు. మొదటి వారమే పద్మక్క తను కుట్టిన జాకెట్టు ఒకటి హాలుకి తెచ్చింది. తిరగేసి చూపించింది, లోపలి వైపు ఒక్క ముడి కనబడలేదు. మా చెల్లి పని తిరగేస్తే అంతా ముళ్ళే. ఫోటో కన్నా ముందు, అనుమానం కన్నా ముందు నేను ఆ జాకెట్టు చూశాను. ఆవిడ చెయ్యి చాలా మంచిది. అది నాకు మొదటి నుంచీ తెలుసు.