ఖాళీగా తిరిగిరాని గిన్నె

మా పక్కింటి చాచా పోయిన శుక్రవారం కన్నుమూశారు. నారాయణఖేడ్‌లో చాలామందికి ఆయన కంప్యూటర్ సారు. నాకు గోడ అవతలి చాచా. దుఃఖం ఉంది కానీ, ఆయన పేరు చెప్పగానే ముందు నాకు పొంగుకొచ్చేది మేమిద్దరం కూర్చుని పనిచేసిన ఆ రోజుల హుషారే.

దగ్గరలోని కంగ్టి ఊరి చేలల్లో తీసిన పత్తి ఆకుల ఫొటోల్లో తెగులు మచ్చలు వెతికి, వాటికి ఎరుపు పూసే ప్రోగ్రాం పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాశాను. అది ఫొటోలోని ఒక్కో చుక్కనూ చూసుకుంటూ పోయేసరికి పక్కనున్న చాయ్ చల్లారిపోయేది. విసుగొచ్చి, మొత్తం వేగంగా నడిచే సీ భాషలో తిరగరాస్తానని చాచాతో అన్నాను.

"గంత కోపమేంది బేటా? పైథాన్‌ను ఉండనియ్యి. బరువు పని ఒక్కటే సీకి అప్పజెప్పు. ముందుగాల రెండంకెలు కూడేది రాయి. తలుపు తెరుచుకుంటదో సూడు, సామాన్లు తర్వాత మోద్దాం."

ఆ చిన్న ఫంక్షన్‌ను సీలో రాసి, యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి కంపైల్ చేసి, పైథాన్‌లోకి ఇంపోర్ట్ చేసి తెచ్చుకున్నాను. రెండూ మూడూ ఇచ్చాను. ఐదు వచ్చింది! ఆ ఐదుకే కుర్చీలోంచి ఎగిరి లేచాను. చాచా కళ్లద్దాలు నుదుటిమీదికి నెట్టి (సంబరమొస్తే ఆయన అలవాటది) "ఇగ ఆగుతవా నువ్వు!" అన్నారు.

ఆగలేదు. వెంటనే ఎరుపు పూసే ఫంక్షన్ రాశాను. తిరిగి ఇవ్వడానికేమీ లేదు కదా అని చివర శూన్యమని చెప్పే 'నల్' పెట్టాను. ఆ మాట వింటే పైథాన్ తప్పు జరిగిందనుకుంటుంది. నెత్తిన ఎర్రర్ పడేసింది.

"పూసుడైతే పూసింది చాచా! ఇంకేం ఇయ్యాలె దానికి?"

"మా గిన్నె మీ ఇంటికొస్తె మీ అమ్మ ఎట్ల పంపుతది?"

"ఏం లేకుంటె చిటికెడు చక్కెరన్న ఏసి."

"మరి పైథాన్ పిలిస్తె పోయి, ఖాళీ చేతుల్తోని వస్తవా? ఏం లేకుంటె 'నన్' అన్న ఇయ్యి."

'ఇచ్చేందుకేమీ లేదు' అని పైథాన్‌కు మర్యాదగా చెప్పే విలువ అది. ఒక్క వాక్యం మార్చాను, ఎర్రర్ మాయం.

"చేలల్ల తీసిన ఫొటోలన్నిటి మీద ప్రోగ్రాం నడిచిననాడు పిలువు. చాయ్ నేనే తెస్త," అన్నారు.

నిన్న సాయంత్రం నడిచింది. కప్పు ఎత్తేలోపే ఆకులన్నీ ఎర్ర చుక్కలు! "చాచా, నడిచింది!" అంటూ గోడ దగ్గరికి ఉరికాను. అరిచాక గుర్తొచ్చింది.

చాచా భార్య, మా చాచీ, బయటికొచ్చింది. "ఏం నడిచింది బేటా?"

ల్యాప్‌టాప్ గోడమీద పెట్టి చూపించాను. తెరమీదికి వంగి చూసింది.

"గీ ఎర్ర సుక్కల కోసమేనా, మీ చాచా నేనిచ్చిన చాయ్ రోజూ చల్లారవెట్టిండు?"

ఇద్దరం నవ్వాం. ఇంట్లోకి వెళ్లి, చాచా పోకముందు వాళ్లు సేమియా పంపిన గిన్నె తెచ్చాను, అడుగున చక్కెర వేసి. చాచీ దాన్ని అందుకుని ల్యాప్‌టాప్ పక్కనే పెట్టింది. చీకటి పడుతోంది. తెరమీది ఎరుపు చక్కెర పలుకుల మీద మెరుస్తోంది.