చింతపండుతో పోయిన రంగు

ఎనభైల మొదట్లో అమెరికాలోని ట్రాయ్‌లో మా పక్కింట్లో ఒక చైనా పెద్దావిడ ఒంటరిగా ఉండేవారు. మంచులో డ్రైవ్ చేయడం నాకు చేతకాని ఆ మొదటి చలికాలమంతా కూరలకి ఆవిడే నన్ను తన కార్లో తీసుకెళ్ళారు. భగవంతుడే ఆవిడని మాకు పక్కన పెట్టాడని ఇప్పటికీ అనుకుంటాను.

ఆవిడ దగ్గర ధూపం వేసే కంచు పాత్ర ఒకటి ఉండేది, రెండు దోసిళ్ళలో ఇమిడేంత. వాళ్ళ ముత్తాత చక్రవర్తి కొలువుకి అలాంటివి అమ్మిన వర్తకుడట. లోహాన్ని మళ్ళీ మళ్ళీ కరిగించి మలినం తీశాకే పోత పోసేవారట. అయినా విలువంతా పైనున్న ఖర్జూరపు రంగుదే. లోపల నిప్పు వేడి, బయట అరచేతుల రాపిడి, తరాల తరబడి పడితే వచ్చిన రంగు. "మా అమ్మ చేతులు దీంట్లో ఉన్నాయి," అన్నారోసారి. నాన్నగారు ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిన నా ఇంగ్లీషుకి ఆ మాట బాగానే అందింది.

ఆపరేషన్‌కి వెళ్తూ ఆవిడ దాన్ని మా ఇంట్లో ఉంచారు. అప్పుడు మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి మాతో ఉన్నారు. ఒక శుక్రవారం నేను బజారు నుంచి వచ్చేసరికి సింకు నిండా చింతపండు పిప్పి. దేవుడి దగ్గర ఆ పాత్ర పసుపుపచ్చగా తళతళలాడుతోంది.

"చూశావుటే అమ్మాయ్! ఎన్నేళ్ళ మకిలో, రెక్కలు పడిపోయాయనుకో. పాపం, జబ్బు మనిషి, తోముకునే ఓపికెక్కడిది?"

పోయిన ఆ రంగుదే దాని విలువంతా అని చెప్పాను. అత్తగారు పాత్రని దేవుడి దగ్గర నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

పక్కింటావిడ తిరిగొచ్చిన రోజు అత్తగారే దాన్ని పట్టుకెళ్ళారు. "నేనే తోమానని చెప్పు. నీ మీద వేసుకోకు," అన్నారు దారిలో. చెప్పాను. పక్కింటావిడ పాత్రని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశారు.

"వెరీ క్లీన్," అన్నారు చివరికి.

"ఆ రంగు మళ్ళీ వస్తుందేమో అడగవే," అన్నారు అత్తగారు. అడిగాను.

"వస్తుంది. నాకే అంత టైమ్ లేదు," అన్నారు ఆవిడ, చిన్నగా నవ్వి.

ఆ నవ్వుకే మా అత్తగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. అప్పట్నించి మధ్యాహ్నాలు అక్కడికే వెళ్ళేవారు. ఒకరి భాష ఒకరికి రాదు. పాత్రలో బొగ్గు వెలిగించి చెరోపక్కా రుద్దుతూ కూర్చునేవారు.

వేసవి దాకా రుద్దినా రంగు తిరగలేదు. ఎయిర్‌పోర్ట్‌లో అత్తగారు అరచేతులు చూసుకుంటూ, "ఇంకో ఏడాది ఉంటే వచ్చేదేమోనే," అన్నారు.

ఏడాదితో అయ్యేది కాదని నేను అనలేకపోయాను.