అంకమ్మరావు పట్టని నీళ్లు

అంకమ్మరావు మోకాళ్ల గురించి ముందే చెప్పాలి, జరిగిందంతా వాటితోనే మొదలైంది. ఒంగోలులో మా నీటి పరీక్షల ల్యాబ్‌కి ఆయన శాంపిళ్లు తెచ్చేవాడు, నేను పరీక్ష చేసేవాణ్ణి. ఇరవై ఆరేళ్లుగా బస్సులెక్కి దిగి, ఊరూరా బోరింగులు కొట్టి మనిషి అరిగిపోయాడు. "ఈ జిల్లాలో నేను తాగని ఉప్పునీళ్లు లేవండి" అనేవాడు. గొప్పకి కాదు, విసుగుతో.

పద్ధతి చిన్నదే. అయిదు నిమిషాలు బోరింగు కొట్టి, పైపులో నిలవ నీరు పోయాక, ఆ నీటితోనే సీసాను మూడుసార్లు తొలిచి పట్టాలి. ఈ పని ఇంకొకరికి అప్పగించకూడదు. 2003లో ఒక జాబితా తయారవుతోంది. పళ్లనీ ఎముకలనీ పాడుచేసే ఫ్లోరైడు లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఊళ్లకే కాలవ నీళ్ల పైపు వేస్తారు.

ఆ మార్చిలో ఒకరోజు, చీమకుర్తి దాటి రాతి లారీల దుమ్ములో పడి వెళ్లిన ఊరు ఆయనకి నాలుగోది. మిరప కల్లాల ఘాటుకి దగ్గుతూ సుబ్బరావమ్మ అనే ఆవిడ పంచలో కూలబడ్డాడు. ఆవిడిచ్చిన చెంబెడు నీళ్లు తాగి, లేవలేక, "అమ్మా, ఈ సీసా కూడా కాస్త నింపి పెట్టు" అన్నాడు. బోరింగు ఎదురుగానే ఉంది. ఆయన కళ్లు మూసుకుని మోకాళ్లు నొక్కుకుంటుంటే ఆవిడ సీసా తీసుకెళ్లి నింపి తెచ్చింది. దానికి బోరింగు నంబరు రాసి చీటీ అంటించాడు.

పరీక్షలో సున్నా పాయింట్ ఆరు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లన్నీ నాలుగు దగ్గరుంటే ఇదొక్కటి ఇంత శుభ్రంగా ఎలా ఉందని నాకు అనిపించకపోలేదు. అనిపించి ఊరుకున్నాను, బల్లమీద ఇంకా అరవై సీసాలున్నాయి మరి. తాగుటకు యోగ్యము అని సంతకం పెట్టాను. ఊరు జాబితాలోంచి పోయింది.

మరుసటేడు అంకమ్మరావు శాంపిళ్లకి వెళ్లి మళ్లీ అదే పంచలో కూర్చున్నాడు. సుబ్బరావమ్మ చెంబు అందించింది. సగం తాగి, నాలిక్కి ఉప్పు తగిలి ఆగిపోయాడు.

"ఇవి బోరింగు నీళ్లు కదమ్మా?"

"అవునండి. బాగున్నాయని పంచాయితీ గోడకి కాయితం అంటించారుగా. అప్పట్నుంచీ ఊరంతా ఇవే. మా మనవరాలు శ్రీరమ్యకీ ఇవే పోస్తున్నాం. రెండు మైళ్లు బావికి నడిచే బాధ తప్పించారు, మీ పుణ్యం."

"మరి నిరుడు నా సీసాలో పోసినవి?"

"అవి బావి నీళ్లండి. దారిలో తాగడానికి అడిగారనుకున్నా. ఎండనపడి పోయే మనిషికి బోరింగు నీళ్లెట్టా పోస్తాం?"

ఈసారి ఆయనే బోరింగు కొట్టి పట్టి తెచ్చిన సీసాలో నాలుగు పాయింట్ రెండు వచ్చింది. జాబితా అప్పటికే మూసేశారు. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో పైవాళ్లు చెప్పలేదు. నాకు అంకమ్మరావు మీద మండింది. అంతకన్నా నామీద మండింది.

"ఆవిడకి నిజం చెప్పావా?" అనడిగాను.

"చెప్పానండి. కాళ్లు నొప్పులని కూర్చుండిపోయాను, తప్పు నాదే, ఆ నీళ్లు పాపకి పొయ్యొద్దమ్మా అని చెప్పా."

"తిట్టిందా?"

"తిట్టినా బాగుండేదండి." స్టూలు మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకున్నాడు. "ఆవిడ పాప వంక చూసింది. తర్వాత నా చేతిలో చెంబు చూసి, 'అయ్యో, మీకూ ఈ నీళ్లే ఇచ్చానే, కూర్చోండి, మంచినీళ్లు తెస్తా' అని బిందె తీసుకుని బావికి బయల్దేరింది."

"నువ్వేం చేశావు?"

"రెండో బిందె నేను తీసుకున్నానండి. ఆవిడ వద్దంటూనే ఉంది. రెండు మైళ్లూ వెనకాలే నడిచా."